చప్పల్ బజార్ నుంచి అశోక్‌నగర్‌కు

కాచిగూడ.

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

మొన్న నిశ్చితార్థంలో భోజనాల దగ్గర జరిగిన గొడవ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గ్రూప్స్ పరీక్షలు నడుస్తున్న తీరు గురించీ, మన ఊరి సర్కారు బడి గురించీ నువ్వేదో అంటే, పెద్దవాళ్ళలో ఒకాయన "ఈ దేశం అంత నచ్చకపోతే పాకిస్తాన్ పో" అన్నాడట. నువ్వు సగం అన్నంలో చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయావట. విస్తరి ముందు నుంచి లేవాల్సింది కాదు, ఆ వంటవాడి పచ్చిపులుసు మళ్ళీ మళ్ళీ దొరకదు. సరే, అది పక్కన పెడదాం. ఆ మాటకు జవాబు కోసం నువ్వు లావుపాటి పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. అశోక్‌నగర్‌లోని నీ హాస్టల్ నుంచి నడిచి వచ్చేంత దూరంలోనే అది ఉంది.

లింగంపల్లిని ఆనుకుని చప్పల్ బజార్ ఉంది కదా. బర్కత్‌పురా వైపు వచ్చిన ప్రతిసారీ ఆ చుట్టుపక్కల నుంచే పోతుంటావు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక అక్కడ ఒక పత్రికా సంపాదకుడి మీద హంతకులు పడ్డారు. ఆయన పేరు షోయబుల్లా ఖాన్, వయసు 27. కాచిగూడలోని ఆఫీసులో పత్రిక పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి ఇంటికి వస్తున్నాడు. తుపాకీతో కాల్చారు. కత్తులతో నరికారు. రాసే చెయ్యిని ప్రత్యేకంగా ఎంచుకుని మరీ నరికారు. అడ్డం వెళ్ళిన ఇస్మాయిల్ ఖాన్ కూడా చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆయన బతికాడు, షోయబుల్లా బతకలేదు. 22వ తేదీన కన్నుమూస్తే గోషామహల్ దగ్గరి మాలకుంట శ్మశానంలో ఖననం చేశారు.

ఆయన మహబూబాబాద్ ప్రాంతంలో 1920 అక్టోబర్ 17న పుట్టాడు. తండ్రి హబీబుల్లా ఖాన్ పోలీసు శాఖలో పనిచేసినవాడు. కొడుకు ఉస్మానియాలో డిగ్రీ పూర్తిచేశాడు. నిజాం రాజ్యంలో ఉర్దూలో చదువుకున్న ఒక ముస్లిం యువకుడికి, పైగా ఉద్యోగి కొడుక్కి, ఆ పట్టా ఎన్ని తలుపులు తెరుస్తుందో నీకు వేరే చెప్పాలా? నెలజీతం, పెన్షన్, పలుకుబడి అన్నీ అందుబాటులో ఉన్నాయి. ఆయన మాత్రం 'తేజ్' అనే ఉర్దూ వారపత్రికలో చేరాడు. ప్రభుత్వం దాన్ని మూయించింది. మందుముల నరసింగరావు నడిపే 'రయ్యత్'లో చేరాడు. అదీ మూతపడింది. రెండు పత్రికలు కళ్ళముందే పోయాక ఎవరైనా వేరే దారి చూసుకుంటారు. ఈయన బూర్గుల రామకృష్ణారావు వంటి వారి అండతో 1947 నవంబర్ 15న 'ఇమ్రోజ్' దినపత్రిక మొదలుపెట్టాడు. ఆఫీసు మన కాచిగూడలోనే.

ఆ తేదీని బాగా చూడు. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయి మూడు నెలలు. హైదరాబాద్ మాత్రం ఇండియాలో చేరకుండా విడిగా ఉంది. రెండు వారాల తర్వాత, నవంబర్ 29న, నిజాం ఢిల్లీతో ఏడాది యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. ఊళ్ళలో రజాకార్లనే సాయుధ దళం రాజ్యం నడుస్తోంది. 1948 జనవరిలో ఇమ్రోజ్ ఒక సంపాదకీయం రాసింది. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఇంకో ప్రభుత్వం నడుస్తున్నాయన్నది దాని సారాంశం. రాత్రి ప్రభుత్వం ఎవరిదో పేరు చెప్పకపోయినా తెలిసేదే. ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. రజాకార్ల దళాన్ని రద్దు చేయాలి, హైదరాబాద్ ఇండియాలో కలవాలి అని వాళ్ళ మాట. దాన్ని ఇమ్రోజ్ ప్రచురించింది. ఆగస్టు 19న రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ ఒక సభలో తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడతాయని బెదిరించాడు. రెండు రోజులు గడిచాయి. తర్వాత జరిగింది పైన చెప్పాను.

ఇక్కడ నువ్వు ఆగి ఆలోచించాల్సిన చిక్కు ప్రశ్న ఒకటుంది. షోయబుల్లాకు అప్పటి 'దేశం' ఏది? నిజాం రాజ్యమే. దానికి సొంత నాణెం, సొంత తపాలా, సొంత సైన్యం ఉన్నాయి. 1916లో కట్టిన మన కాచిగూడ స్టేషన్ సాక్షిగా సొంత రైళ్ళు కూడా ఉన్నాయి. ఆయన చదివిన విశ్వవిద్యాలయం ఆ రాజు పేరు మీదే ఉంది. అలాంటి రాజ్యం ఇంకో దేశంలో కలిసిపోవాలని రాయడం ప్రేమ ఎట్లా అవుతుంది? ఆయన్ని గద్దార్ అన్నవాళ్ళ వాదన ఇదే, దీన్ని చులకనగా కొట్టిపారేయకూడదు. దేశమంటే సింహాసనం అనుకుంటే వాళ్ళన్నది నిజమే. కానీ ఆ రాజ్యంలో నూటికి 80 మందికి పైగా జనానికి పరిపాలనలో దక్కాల్సిన వాటా దక్కలేదు, రాత్రి పూట తలుపు తట్టేది ఎవరోనన్న భయంతో ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. ఆ ఊళ్ళూ హైదరాబాదే. షోయబుల్లా ప్రేమించిన హైదరాబాద్ నిజాం ఉండే కింగ్‌కోఠీ గోడల లోపల లేదు, మహబూబాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఉంది. ఆయన ఎవరి తరఫున మాట్లాడాడో చూస్తే ఆయన ఎవరిని ప్రేమించాడో అర్థమవుతుంది. పెదనాన్న తీర్పు అదే.

ఇంకో సంగతి జనం పెద్దగా పట్టించుకోరు. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక. నిజాం ప్రభుత్వాన్ని తెలుగులో విమర్శించిన పత్రికలు ఉన్నాయి, మద్రాసు నుంచీ బెజవాడ నుంచీ విమర్శించినవీ ఉన్నాయి. వాటి విలువ వాటిది. కానీ షోయబుల్లా రాసింది పాలకులు పొద్దున్నే చదివే భాషలో, వాళ్ళ దివాన్‌ఖానాల్లో టీ తాగుతూ చదివే పత్రికలో. ఎవరి తప్పు చెబుతున్నాడో వాళ్ళకే, వాళ్ళ ముఖం మీదే, వాళ్ళ భాషలోనే చెప్పాడు. తన మతం వాళ్ళు చేస్తున్న అన్యాయాన్ని తన మతం వాళ్ళ ముందే అన్నాడు. పక్కింటివాడి తప్పులు ఎంచడానికి ఇంత ధైర్యం అక్కర్లేదు, ఇంత ప్రేమా అక్కర్లేదు.

ఆయన పోయిన మూడు వారాలకే, సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. కాసిం రజ్వీ జైలుకు వెళ్ళాడు. 1957లో విడుదలయ్యాక పాకిస్తాన్ వెళ్ళి అక్కడే చనిపోయాడు. ఆ నిశ్చితార్థంలో "పాకిస్తాన్ పో" అన్నాయనకు ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండు. పాకిస్తాన్ వెళ్ళింది రాజ్యాన్ని నిలదీసినవాడు కాదు, నిలదీసినవాణ్ణి ద్రోహి అన్నవాడు. నిలదీసినవాడు గోషామహల్‌లో ఉన్నాడు.

కథ ఇక్కడితో ఆపితే అందరికీ హాయిగా ఉంటుంది. మంచివాళ్ళు గెలిచారు, చెడ్డవాళ్ళు వెళ్ళిపోయారు. అందుకే చాలామంది ఇక్కడే ఆపుతారు. నువ్వు ఆపకు.

పోలీసు చర్య అని పిలిచే ఆ సైనిక చర్య తర్వాత ఏం జరిగిందో చూడటానికి 1948 చివర్లో భారత ప్రభుత్వమే ఒక బృందాన్ని పంపింది. దానికి పెద్ద పండిత్ సుందర్‌లాల్. గాంధీ మనిషి. బ్రిటిష్ పాలన మీద ఆయన రాసిన పుస్తకాన్ని తెల్లవాళ్ళు నిషేధించారు. ఆయన దేశభక్తి మీద ఎవరికీ అనుమానం ఉండే పని లేదు. రెండో మనిషి ఖాజీ అబ్దుల్ గఫార్, హైదరాబాద్ నుంచి 'పయామ్' ఉర్దూ పత్రిక నడిపినవాడు. మూడో మనిషి మౌలానా అబ్దుల్లా మిస్రీ. రాష్ట్రంలోని 16 జిల్లాల్లో 9 జిల్లాలు తిరిగారు, ఊళ్ళకు వెళ్ళి వందల మందిని అడిగారు. రజాకార్లు చేసిన దారుణాలను వాళ్ళు దాచలేదు. అయితే సైన్యం వచ్చినప్పుడూ, వచ్చాకా జరిగిన ప్రతీకారంలో, ఎంత తగ్గించి లెక్క వేసినా, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయి. కొన్నిచోట్ల యూనిఫాం వేసుకున్న వాళ్ళ పాత్ర కూడా ఉందని రాశారు. హిందూ నేతపనివాళ్ళు ముస్లిం నేతపనివాళ్ళను కాపాడిన ఊళ్ళ సంగతీ రాశారు.

ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. దశాబ్దాల పాటు అది బయటి జనానికి అందుబాటులో లేదు. ఇప్పుడు ఆ అంకెల మీద పండితులు ఒకరితో ఒకరు వాదించుకుంటారు, వాదించుకోనీ. నువ్వు గమనించాల్సింది వేరే. కొత్తగా పుట్టిన దేశం, ఏడాది వయసు. దాని గెలుపు జెండా ఇంకా వెలిసిపోలేదు. అప్పుడు ముగ్గురు మనుషులు ఆ దేశం ఖర్చుతో తిరిగి, ఆ దేశానికే "నీ చేతికి నెత్తురు అంటింది" అని రాసిచ్చారు. ఓడినవాళ్ళ తప్పులు రాయడానికి వేలమంది దొరుకుతారు. గెలిచిన తమ పక్షం తప్పు రాయడానికి ఆ శీతాకాలంలో వీళ్ళు దొరికారు. షోయబుల్లా బతికి ఉంటే ఈ నివేదికను ఇమ్రోజ్‌లో వేసేవాడా? తెలియదు. వేసి ఉండేవాడని పెదనాన్నకు ఆశ.

ఇక బూర్గుల వారి సంగతి. ఇమ్రోజ్‌కు వెన్నుదన్నుగా నిలిచిన ఆ బూర్గుల రామకృష్ణారావే 1952 మార్చిలో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆరు నెలలు తిరక్కుండానే బయటి ప్రాంతాల వాళ్ళకు ఉద్యోగాలు ఇస్తున్నారంటూ ముల్కీ ఉద్యమం లేచింది. విద్యార్థులు రోడ్డెక్కారు. సెప్టెంబర్ 3న సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు, విద్యార్థులు చనిపోయారు. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి కమిషన్ వేశారు. ఆ పిల్లలు అడిగింది ఏమిటి? తమ రాష్ట్రంలో తమకు కొలువు. అప్పుడూ వాళ్ళను సంకుచితులు, దేశ సమైక్యతకు శత్రువులు అన్నారు. నిన్న ప్రశ్నకు గొడుగు పట్టిన మనిషి ఇవాళ కుర్చీలో కూర్చుంటే, ఆ ప్రశ్నే ఎదుటి నుంచి వస్తుంది. బూర్గుల చెడ్డవాడని చెప్పడం లేదు, చదువుకున్నవాడు, సౌమ్యుడు. ఆ కుర్చీ అలాంటిది. రేపు నీకు డిప్యూటీ కలెక్టర్ పోస్టు వస్తే నువ్వూ ఆ కుర్చీలోనే కూర్చుంటావు కాబట్టి ఈ ముచ్చట చెబుతున్నది.

కవి కాళోజీ నారాయణరావు కుర్చీ దగ్గరికి ఎక్కువసేపు పోలేదు. 1914లో పుట్టిన ఆయన నిజాం జైలు చూశాడు, వరంగల్ నుంచి బహిష్కరణకు గురయ్యాడు. ఆ రాజ్యం పోయాక సొంత ప్రభుత్వం వచ్చింది కదా అని నోరు కట్టుకున్నాడా? లేదు. మొదట్లో విశాలాంధ్రను సమర్థించాడు. ఇచ్చిన మాటలు నిలబడటం లేదని చూసి ప్రత్యేక తెలంగాణ వైపు వచ్చాడు, ఆ మార్పును దాచుకోలేదు. ఎమర్జెన్సీని ఎదిరించాడు. 1978 ఎన్నికల్లో ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద సత్తుపల్లిలో పోటీ చేశాడు. గెలవడానికి చేసిన పోటీ కాదది, ఓడిపోయాడు కూడా. తర్వాత 1992లో అదే భారతదేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇప్పుడు ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ ప్రభుత్వం భాషా దినోత్సవంగా జరుపుతోంది. ప్రభుత్వాలు విమర్శకుల విగ్రహాలను ఇష్టపడతాయి, విగ్రహం మళ్ళీ మాట్లాడదు కనుక.

తెల్లవాడి పాలన మీద రాసి జైలుకు వెళ్ళినవాణ్ణి దేశభక్తుడు అనడం తేలిక. గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసిన వ్యాసానికి రాజద్రోహం కేసు పెట్టారు. కింది కోర్టు వేసిన 6 నెలల శిక్షను పైకోర్టు 3 ఏళ్ళకు పెంచింది. వెల్లూరు జైలు. బయటికి వచ్చాక ఆయన జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ పోయింది. ఈ రెండో సగం నాకు మొదటి సగం కన్నా ఎక్కువ నచ్చుతుంది. రాజ్యాన్ని తిట్టినవాడు తర్వాత పల్లెజనానికి అక్షరాలు దిద్దించే పని భుజానికెత్తుకున్నాడు. నువ్వు రోజూ పొద్దున్నే పరుగెత్తి కుర్చీ పట్టుకునే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ లాంటి చోట్ల వెనక అలాంటి వాళ్ళ చెమట ఉంది.

కష్టమైంది సొంత సమాజాన్ని నిలదీయడం. కవి జాషువా 1941లో 'గబ్బిలం' తెచ్చినప్పుడు దేశం బ్రిటిష్ వాళ్ళ కింద ఉంది. ఆయన వేలు చూపించింది మాత్రం మన వైపు. ఆ కావ్యంలో గబ్బిలం దాటిపోయే గుళ్ళూ నదులూ కోటలూ చదివితే ఈ నేలను అంత ముచ్చటగా చూసినవాళ్ళు అరుదనిపిస్తుంది. ఆ నేల మీదే తన మనిషికి గుడి తలుపు తెరవరని అదే పుస్తకంలో ఉంది. రెండింటినీ విడదీసి ఒకటే చదివేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

సొంతవాళ్ళనే తప్పుపట్టడానికి ఇంకో ముచ్చట చెబుతాను. 1934లో బీహార్ భూకంపం వచ్చింది. అది అంటరానితనం అనే పాపానికి శిక్ష అని గాంధీ అన్నాడు. అది అశాస్త్రీయమని ఠాగూర్ గట్టిగా ఖండిస్తూ రాశాడు. గాంధీ ఆ ఖండనను తన 'హరిజన్' పత్రికలోనే వేసి, తన జవాబును కూడా వేశాడు. ఇద్దరూ తర్వాత కూడా ఒకరినొకరు గురుదేవ్, మహాత్మా అనే పిలుచుకున్నారు. మన టీవీ చర్చలు చూశాక ఇది నమ్మడం కొంచెం కష్టమే.

నీ పాలిటీ నోట్సులో లేనిదొకటి చెప్పనా? రాజద్రోహం సెక్షన్ 124-ఎను తెల్లవాళ్ళు 1870లో శిక్షాస్మృతిలో చేర్చారు. ప్రభుత్వం మీద అభిమానం లేకుండా చేయడమే అందులో నేరం. అంటే పాలకుణ్ణి ప్రేమించమని చట్టం చెప్పింది. 1922లో అహ్మదాబాద్ కోర్టులో గాంధీ నేరం ఒప్పుకుంటూనే, అభిమానం చట్టం చెబితే పుట్టేది కాదని జడ్జి ముందే అన్నాడు. 6 ఏళ్ళ శిక్ష పడింది. స్వతంత్రం వచ్చాకా ఆ సెక్షన్ బతికింది. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, హింసకు పురిగొల్పితే తప్ప ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా రాజద్రోహం కాదంది. ఇంతవరకు నీకు కంఠతా వచ్చే ఉంటుంది. అదే తీర్పులో కేదార్‌నాథ్ సింగ్ అప్పీలును మాత్రం కొట్టేశారు. సూత్రం గెలిచింది, మనిషి ఓడాడు. 2022 మే 11న ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. రాజద్రోహం అన్న మాట పోయింది గానీ, దేశ సార్వభౌమత్వం పేరుతో 152వ సెక్షన్ ఉంది. అది ఎట్లా వాడతారో నీ తరం కాపలా కాయాలి.

2024 మార్చి 7 నాటి ఒక తీర్పు ఆ నిశ్చితార్థం పెద్దమనిషికి సరిగ్గా సరిపోతుంది. కొల్హాపూర్‌లో ఒక కాలేజీ ప్రొఫెసర్ తన వాట్సాప్ స్టేటస్‌లో కశ్మీర్ ప్రత్యేక హోదా రద్దును తప్పుపట్టాడు, ఆగస్టు 14న పాకిస్తాన్ ప్రజలకు శుభాకాంక్షలు పెట్టాడు. కేసు పెట్టారు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ నిర్ణయాన్ని విమర్శించే హక్కు ప్రతి పౌరుడికీ ఉందనీ, పొరుగుదేశానికి శుభాకాంక్షలు చెప్పడం నేరం కాదనీ చెప్పింది.

ఇప్పుడు మీ అశోక్‌నగర్ దగ్గరికి వద్దాం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్. అక్టోబర్ 16న ప్రిలిమ్స్. పేపర్లు లీకయ్యాయని 2023 మార్చి 17న రద్దు. జూన్ 11న మళ్ళీ పరీక్ష. బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఈ లోపల అద్దెలు కట్టింది మీరు, వయసు దాటిపోయింది మీకు, మెస్సులో నీళ్ళచారు తాగింది మీరు. ఆ అక్టోబర్‌లో అశోక్‌నగర్ చౌరస్తాలో పిల్లలు రోడ్డు మీద కూర్చుంటే వాళ్ళను కూడా ఎవరో ఆడిస్తున్న బొమ్మలన్నారు. ఎంత చిత్రమో చూడు. ఈ రాజ్యం మీద నమ్మకం లేనివాడు ఆ రాజ్యంలో ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి పది మంది ఉండే గదిలో పడి ఉంటాడా? వీసా తీసుకుని పోయేవాడు కదా. పరీక్ష నిజాయితీగా పెట్టమని అడిగే వాళ్ళకు మించి ఈ వ్యవస్థను నమ్మినవాళ్ళు ఇంకెవరున్నారు?

అట్లాగని నిన్ను పొగిడి వదిలేయడానికి ఈ ఉత్తరం రాయలేదు. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నువ్వు ఆ రోజు అన్నవాటిలో ఒకటి "ఈ దేశం ఎప్పటికీ బాగుపడదు". ఆ వాక్యాన్ని వదిలెయ్యి. అది విమర్శ కాదు, చేతులు దులుపుకోవడం. షోయబుల్లా అట్లా అనుకుని ఉంటే మూడో పత్రిక పెట్టేవాడు కాదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ టీ బండి దగ్గర ఆ మాట రోజూ వినిపిస్తుంది, దానికి ఏ కష్టమూ అక్కర్లేదు, ఎవరికీ ఏ నొప్పీ కలగదు. మన ఊరి బడి గురించి చెప్పదలుచుకుంటే తేదీతో చెప్పు: ఎందరు పిల్లలు, ఎందరు టీచర్లు, ఏ గది కురుస్తోంది, మరుగుదొడ్డికి ఎప్పటి నుంచి తాళం. ఇమ్రోజ్‌ను చూసి వాళ్ళు భయపడింది తిట్ల వల్ల కాదు, వివరాల వల్ల. సుందర్‌లాల్ బృందం కూడా జిల్లా జిల్లా లెక్క రాసింది కాబట్టే దశాబ్దాల తర్వాతా దాన్ని ఎవరూ ఊదేయలేకపోతున్నారు.

వాట్సాప్‌లో వచ్చే లెక్కల్ని మాత్రం నోటికి తెచ్చుకోకు. మన దేశాన్ని ఆకాశానికెత్తేవీ అబద్ధాలే, పాతాళానికి తొక్కేవీ చాలామటుకు అబద్ధాలే. ఒక్క తప్పుడు అంకె చెప్పావా, నువ్వు చెప్పిన పది నిజాలూ దాని కింద పోతాయి. ఎదుటివాళ్ళు ఆ ఒక్కదాన్నే పట్టుకుని పెళ్ళి అయ్యేదాకా మాట్లాడతారు.

ప్రభుత్వాన్నీ ప్రజలనూ కలిపి తిట్టకు. మన ఊళ్ళో ఉపాధి హామీ మస్టర్లలో దొంగ పేర్లు రాసిన మనిషి ఢిల్లీ నుంచి రాలేదు, మన పక్కింటివాడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఆ పథకానికి సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో దానికోసం విడిగా ఒక సంస్థనే పెట్టారు. ఊరి మధ్య సభ పెట్టి, ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో అందరి ముందు చదివి వినిపించారు. సంతకం పెట్టలేని ముసలవ్వ లేచి "నేను ఆ పనికి పోనేలేదు" అంటే, కూలి డబ్బులు తిన్నవాడు తల దించుకోవాల్సి వచ్చేది. ఒక ప్రభుత్వం తన తప్పులు వెతకమని తానే జీతమిచ్చి మనుషుల్ని పెట్టిన ఉదాహరణ ఇది. దేశంలోని ఇతర రాష్ట్రాలు దీన్ని చూసి నేర్చుకోవడానికి వచ్చాయి. మన దగ్గర గర్వపడాల్సింది ఏమైనా ఉందా అని ఎవరైనా అడిగితే పెదనాన్న చార్మినార్ కన్నా ముందు దీన్ని చెబుతాడు.

ఇంట్లో పెద్దవాళ్ళతో వాదన వచ్చినప్పుడు "నాకే ఎక్కువ దేశభక్తి" అని పోటీకి దిగకు, ఆ పోటీలో ఎవరూ గెలవరు. ఆ మాట అన్న పెద్దాయన రిటైరైన ఉద్యోగి, ఈ దేశం ఆయనకు పెన్షన్ ఇస్తోంది, ఆ కృతజ్ఞత అబద్ధం కాదు. బాబాయి అని పిలిచి, కూర్చోబెట్టి, బడి లెక్కలు చూపించు. అప్పుడూ వినకపోతే వడ్డించిన పచ్చిపులుసు పూర్తి చేసి లే.

పని మాత్రం ఆపకు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. మన ఊరి బడికి గత మూడేళ్ళలో ఎంత నిధి వచ్చింది, ఎంత ఖర్చు పెట్టారు, దేనికి పెట్టారు అని తెలుగులో ఒక దరఖాస్తు రాయి. చిత్తుప్రతి ఆదివారం కాచిగూడకు తీసుకురా, ఇద్దరం కూర్చుని దిద్దుదాం. జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు ఎక్కడ వేయాలో కూడా అదే రోజు రాసి పెట్టుకుందాం.

ఇట్లు,
మీ పెదనాన్న